నాయిఫ్ వయసు

నాకు అర్జీలు రాయడం బాగా వచ్చు. చెప్పుకోదగ్గ పని ఇంకొకటి రాదు. వంట చేస్తే మాడుతుంది, బండి నడిపితే గోడకు తగులుతుంది. కానీ అరబ్బీలో ఒక అర్జీ రాసిచ్చానంటే అవతలి ఆఫీసరు దాన్ని రెండోసారి చదువుకోవాల్సిందే. రాయచోటిలో ఎనిమిదేళ్లు మదరసాలో కూర్చున్నందుకు నాకు మిగిలిన ఆస్తి అదొక్కటే. దాని మీద నాకు అంత గర్వం లేకపోయుంటే ఆ ఏడాది ఆ ఇంట్లో ఏ గొడవా జరిగేది కాదు.

సౌదీలో బురైదా ఊరి బయట ఖర్జూరం తోటలో నేను గుమాస్తాని. మా యజమానిని, అంటే వీసా ఇచ్చి పిలిపించుకున్న కఫీల్‌ను ఊరంతా అబూ ముసాయిద్ అనేది, పనివాళ్లం బాబా అనేవాళ్లం. నేను ఎనభైలో వచ్చాను. అదే నెలలో జగిత్యాల వైపు నుంచి రాజేశం వచ్చాడు. ఇంటి దగ్గర కల్లు కోసం తాళ్లు, ఈదులు గీసిన మనిషి. ఖర్జూరం చెట్లెక్కే పనికి అట్లాంటివాడు దొరకడం బాబా అదృష్టం. ఊరి నుంచి తెచ్చుకున్న మోకు తప్ప ఇక్కడి తాడు నడుముకు కట్టేవాడు కాదు. నాకంటే ఏడేళ్లు పెద్ద. భార్య ముత్యవ్వ ఊళ్లోనే ఉంది. నేను అన్నా అనేవాణ్ని, అతను నన్ను దావూద్ భాయ్ అనేవాడు. పదేళ్లు ఒకే గదిలో ఉన్నాం, ఒకే గిన్నెలో వండుకు తిన్నాం.

బాబాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ముసాయిద్ సిపాయి. చిన్నవాడు నాయిఫ్. వాడి చిన్నప్పుడే తల్లి పోయింది. బడి లేనప్పుడంతా రాజేశం వెనకాలే తిరిగేవాడు. రాజేశమే వాడికి చెట్టెక్కడం నేర్పాడు.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. నెల తిరక్కముందే ముసాయిద్‌ను సరిహద్దుకు పిలిచారు. ఇంట్లో చూపు మందగించిన ముసలాయన, ఈ కుర్రాడు మిగిలారు. ఊళ్లో ఎవరి నోట విన్నా ఒకటే మాట, దొంగలు బయల్దేరతారు, కువైట్ నుంచి వచ్చేవాళ్లలో ఎవరెవరు ఉంటారో తెలీదు అని. చుట్టుపక్కల తోటల వాళ్లు ఎక్కడెక్కడివో తుపాకులు తెచ్చి పెట్టుకున్నారు. బాబా అట్లాంటివాడు కాదు. కాగితం లేని వస్తువు తన గడప దాటి లోపలికి రాకూడదనే మనిషి. నాయిఫ్ పేరు మీద ఒక పిస్తోలుకు లైసెన్సు తీసుకుందామని నన్ను, వాణ్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాడు.

అక్కడి ఆఫీసరు నాయిఫ్ గుర్తింపు కార్డు చూసి వెనక్కి ఇచ్చేశాడు. పిస్తోలు కొనాలంటే ఇరవై ఒకటి నిండాలి. నాయిఫ్ కార్డు మీద పుట్టిన తేదీ హిజ్రీ 1394, రజబ్ నెల ఒకటి. అప్పుడు నడుస్తున్నది 1411, అంటే వాడికి పదిహేడో ఏడు.

బయటికొచ్చాక నాయిఫ్ ముఖం చూడాలి. అన్నకు పద్దెనిమిది నిండగానే సర్కారే రైఫిల్ ఇచ్చింది, తనకేమో దుకాణంలో పిస్తోలు కొనుక్కునే హక్కు లేదట. "దావూద్, నువ్వు రాస్తే ఒప్పుకోరా?" అన్నాడు. ఆ మాటతో నేను పడిపోయాను.

వారం కూర్చుని రాశాను. ఇప్పటికీ ఆ అర్జీలో ప్రతి వాక్యం నాకు నోటికి వచ్చు. పద్దెనిమిదేళ్లకు దేశం కోసం ప్రాణమివ్వగలిగినవాడి ఇంట్లో, వాడి తమ్ముడు తండ్రిని కాపాడుకోలేడా అని అడిగాను. షరియత్ ప్రకారం ఈడొచ్చిన ప్రతివాడూ నమాజుకు, రోజాకు, సాక్ష్యానికి పెద్దవాడే కదా, ఒక్క ఇనుప ముక్కకు మాత్రం చిన్నవాడెట్లా అయ్యాడని అడిగాను. ఆ నిబంధన రాసినవాళ్లు శాంతికాలంలో రాశారని, ఇది శాంతికాలం కాదని ముగించాను. బాబాకు చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆఫీసరు దాన్ని మా ముందే రెండుసార్లు చదివాడు. చాయ్ తెప్పించాడు.

"ఎవరు రాశారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"అర్జీ బాగుంది. వయసే బాగాలేదు." కాగితం మడిచి నా చేతికి ఇచ్చాడు. "సైన్యంలో కుర్రాడి పక్కన ఒక హవల్దారు ఉంటాడు. ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు కాల్చకూడదో చెవిలో అరుస్తుంటాడు. మీ తోటలో వీడి పక్కన ఎవరుంటారు?"

అప్పుడే ఊరుకోవాల్సింది. కానీ నా అర్జీకి కాదని చెప్పడమా అని నాకు ఉక్రోషం. పై ఆఫీసుకు ఇంకొకటి రాశాను. నెలన్నర తర్వాత అక్కడి నుంచి ఒక్క ముక్కలో జవాబొచ్చింది. నిబంధన అందరికీ ఒకటేనట.

ఆ రోజుల్లోనే తాజున్నీసా పంపిన క్యాసెట్ వచ్చింది. ఉత్తరాలకు బదులు అందరం క్యాసెట్లే పంపుకునేవాళ్లం. నా భార్య గొంతు, వెనకాల మా వీధిలో సోడా బండి గజ్జెల చప్పుడు. నేను ఇంటిని, కూతురు అయేషాను చూసి నాలుగేళ్లు. మధ్యలో ఒక్క మాట నాకు ముల్లులా దిగింది.

"రేడియోలో సౌదీ అని వస్తే చాలు, అయేషా చెవులు మూసుకుంటాంది. మా అబ్బ సచ్చిపోయినాడా అని బడిలో టీచర్ని అడిగిందంట. నువ్వు పంపించేది ఏమీ వద్దు మాకు. మనిషివి రా."

రావాలంటే కఫీల్ ఎగ్జిట్ కాగితం మీద సంతకం చేయాలి, పాస్‌పోర్టు బీరువాలోంచి తీసివ్వాలి. యుద్ధం వస్తుందని అందరూ ఒక్కసారే అడుగుతుండటంతో ఏ కఫీల్ కూడా ఇవ్వడం లేదు. నేను రెండుసార్లు అడిగాను. "ఇప్పుడు కాదు దావూద్, పెద్దవాడు తిరిగి రానీ" అన్నాడు బాబా. కోపంగా కాదు, బతిమాలినట్టు అన్నాడు.

ఇక్కడ ఒకటి నిజం చెప్పాలి. ఆయన నాతో ఏ బేరమూ పెట్టలేదు. పని చేసిపెట్టు, పంపిస్తానని ఏనాడూ అనలేదు. ఉపాయం చెప్పింది నేను. ఎందుకు చెబుతున్నానో అప్పుడే నాకు తెలుసు.

ఒక సాయంత్రం కహ్వా, వాళ్ల కాఫీ, తాగుతూ అన్నాను. "బాబా, ఆ రోజుల్లో పుట్టినవాళ్లు ఎవరికీ తేదీ తెలీదు కదా. కార్డు రాసేటప్పుడు అందరికీ రజబ్ ఒకటి వేసేశారు. మీకూ అదే, ముసాయిద్‌కూ అదే. మరి సంవత్సరం మాత్రం సరిగ్గా రాశారని ఎవరు చెప్పగలరు?"

బాబా కప్పు కింద పెట్టాడు. "అంటే?"

"ఖాజీ ముందు ఇద్దరు సాక్ష్యం చెబితే వయసు దిద్దుతారు. 1390 అని పడితే ఈ రజబ్‌తో వాడికి ఇరవై ఒకటి నిండుతాయి. ఇక నిబంధనతో మనకు పేచీ లేదు."

ఆయన కింద పెట్టిన కప్పును ఒకసారి తిప్పాడు. తర్వాత, "వాళ్లమ్మ ఉంటే చెప్పేది. నాకు సంవత్సరాలు గుర్తుండవు" అన్నాడు. ఒప్పుకున్నట్టా కాదన్నట్టా తెలియని గొంతు. నేను ఒప్పుకున్నట్టే తీసుకున్నాను.

సాక్షుల్లో ఒకడు పక్క తోట ముసలాయన. ఆయనకు చెవుడు, ఏమడిగినా గడ్డం నిమురుకుని అవునంటాడు. రెండోవాణ్ని నేను. నేను హిజ్రీ 1400లో, అంటే ఎనభైలో, ఈ తోటకు వచ్చాను, అప్పటికి నాయిఫ్ పదేళ్ల పిల్లవాడు అని చెప్పాలి. అంతే పని.

రాజేశానికి ఆ రాత్రే తెలిసింది. చపాతీలు కాలుస్తూ వింటున్నాడు.

"పదేండ్లా?" అన్నాడు. "మనం అచ్చిన యేడు వానికి పాలపండ్లు ఊడుతుండె గద భాయ్. ముందటి పన్ను నా చేతులనే ఊడింది. ఇంటి కప్పు మీద ఏస్తనంటే ఏడ్చిండు, సూర్యుని దిక్కు ఇసరాలె అని. నువ్వు పక్కకే నిలబడి నవ్వినవు."

"గుర్తుందన్నా."

"మరి?"

"ఇది కాగితాల పని అన్నా. నీకెందుకు ఇదంతా. వానికి పిస్తోలు వస్తే బాబాకు నిద్ర పడుతుంది, అంతే గదా."

రాజేశం పెనం దించాడు. "నువ్వు సదువుకున్నోనివి. నాకేం ఎర్క" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అతని సాక్ష్యం కోర్టులో చెల్లదని మా ఇద్దరికీ తెలుసు. ముస్లిం కానివాడిని అక్కడ సాక్షిగా నిలబెట్టరు. నిజంగా తెలిసినవాడి మాట చెల్లక, అబద్ధం చెప్పే నా మాట చెల్లడం నాకు ఆ రోజు వింతగా కూడా అనిపించలేదు. సౌకర్యంగా అనిపించింది.

ఖాజీ ముందుకు పోయేసరికి యుద్ధం మొదలై పది రోజులైంది. సరిగ్గా రజబ్ నెల పుట్టిన రోజుల్లోనే బాంబులు మొదలయ్యాయి. కిటికీలకు టేపులు అంటించుకున్నాం. రియాద్ మీద క్షిపణులు పడ్డాయని రేడియో చెబుతోంది. అయినా కోర్టు నడుస్తూనే ఉంది. మమ్మల్ని పికప్‌లో తీసుకుపోయింది రాజేశమే. అతను బండిలోనే కూర్చున్నాడు.

ఖాజీ వయసులో నాకంటే చిన్నవాడు. నెమ్మది మనిషి. ముసలి సాక్షి గడ్డం నిమురుకుని అవునన్నాడు. నా వంతు వచ్చింది. అల్లా పేరు మీద ప్రమాణం చేసి, తడుముకోకుండా చెప్పాను. నా అరబ్బీ విని ఖాజీ తలెత్తాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"హిందూస్తాన్‌లో, మదరసాలో."

"మా పిల్లలకు రాదు ఇంత శుభ్రంగా" అన్నాడు. నాకు చెవుల దాకా ఎర్రబడింది. అప్పుడే ఆయన మామూలుగా, రాసుకుంటూనే అడిగాడు. "ఆ రోజుల నుంచి ఆ తోటలో ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

కిటికీలోంచి పికప్ కనిపిస్తోంది. రాజేశం తలుపు తెరిచి పెట్టుకుని, కాళ్లు బయటికి వేసి కూర్చుని ఉన్నాడు.

"లేరు" అన్నాను.

తీర్పు మధ్యాహ్నానికి చేతికొచ్చింది. నాయిఫ్ పుట్టింది 1390లో అని, ముద్రతో సహా. ఆ సాయంత్రం బాబా నన్ను పిలిచి పాస్‌పోర్టు ఇచ్చాడు, ఎగ్జిట్ కాగితాల మీద సంతకం పెట్టాడు. నేను అడగలేదు. "నీ కూతురు ఎదురుచూస్తోంది కదా. విమానాలు తిరగ్గానే పో" అన్నాడు. నేను ఆయన భుజానికి ముద్దు పెట్టాను. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. సిగ్గుపడాల్సిన సంతోషమని ఇప్పుడు అంటున్నాను గానీ అప్పుడు అది వట్టి సంతోషం.

పిస్తోలు నాలుగు వారాల్లో వచ్చింది. నాయిఫ్ దాన్ని తెచ్చి మొదట రాజేశానికే చూపించాడు. రాజేశం చేత్తో ముట్టకుండా, "లోపట పెట్టు బిడ్డా, ఎండకు ఏడెక్కుతది" అన్నాడు. దొంగలెవరూ రాలేదు. కువైట్ నుంచి వచ్చినవాళ్లెవరూ మా వైపు చూడలేదు. ఫిబ్రవరి ఆఖరుకు యుద్ధం అయిపోయింది. జిద్దా మీదుగా బొంబాయికి మార్చి పదహారు, శనివారం నాకు సీటు దొరికింది. రంజాన్ మొదలయ్యేలోపు ఇంటికి చేరతాను.

మార్చి మొదట్లో తోటలో ఊపిరాడనంత పని ఉంటుంది. మగచెట్ల పూత కోసి ఆడచెట్ల గెలల్లో దులపాలి. ఆ మూడు వారాల్లో చేయకపోతే ఆ ఏడాది కాయ ఉండదు. రాజేశం పొద్దున్నే చెట్టెక్కితే మధ్యాహ్నం దాకా ఒక చెట్టు దిగడం, ఇంకో చెట్టు ఎక్కడం. కింద నుంచి చూస్తే మనిషి కనపడడు, మట్టల్లో ఎక్కడో చప్పుడు మాత్రం వినపడుతుంది.

ఆ మంగళవారం పదకొండు గంటలప్పుడు ముసాయిద్ జీపు గేటు దాటి లోపలికి వచ్చింది. ఆరు నెలల తర్వాత, ప్రాణాలతో. బాబా చెప్పులు లేకుండా పరిగెత్తాడు. నేను ఆఫీసులోంచి బయటికొచ్చాను. ఊళ్లో వారం నుంచి జనం సంతోషంతో గాల్లోకి కాలుస్తూనే ఉన్నారు. నాయిఫ్ లోపలికి పోయి పిస్తోలు తెచ్చాడు. అన్న పేరు పెట్టి అరుస్తూ చెయ్యి పైకెత్తి మూడుసార్లు కాల్చాడు. చూడకుండా కాల్చాడు. వాడి కళ్లు అన్న మీద ఉన్నాయి.

రాజేశం అరవలేదు. చెట్టు మీద నుంచి కత్తి కింద పడింది. దాని వెనకే పూత, పసుపుపచ్చగా, చాలాసేపు రాలింది. అప్పుడు పైకి చూశాం. మోకు పట్టి ఉండటం వల్ల కింద పడలేదు, వెనక్కి వాలి వేలాడుతున్నాడు.

ఎక్కగలిగినవాడు ఇంకొకడే ఉన్నాడు. నాయిఫ్ పిస్తోలు పారేసి, ఉత్త కాళ్లతో ఎక్కాడు. రాజేశాన్ని తన వీపుకు కట్టుకుని దించాడు. ఎట్లా దించాడో దేవుడికే తెలియాలి. దిగాక రాజేశం తల ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. పోలీసులకు కబురు పెట్టింది బాబానే.

గుండు నడుములో ఎముక పక్కన ఆగిందని డాక్టర్లు చెప్పారు. బతుకుతాడు. కాళ్లలో మాత్రం స్పర్శ లేదు.

నాయిఫ్‌ను తీసుకుపోయారు. పద్దెనిమిది లోపు పిల్లలకు వేరే హోం ఉంది. అక్కడ చదువు చెబుతారు, తండ్రిని రానిస్తారు. కానీ వీడి కాగితాల మీద ఇరవై ఒకటి. ఖాజీ ముద్ర ఉంది. పెద్దవాళ్ల జైల్లో, హంతకుల మధ్య వేశారు. మొదటి రోజే ఎవరో కొట్టారని, కింది పెదవి చీలిందని చూసి వచ్చిన ముసాయిద్ చెప్పాడు.

మూడో రోజు బాబా మా గదికి వచ్చాడు. పదేళ్లలో ఆయన ఆ గది గుమ్మం తొక్కింది అదే మొదటిసారి. ఖాళీగా ఉన్న రాజేశం మంచం మీద ఆయన కూర్చున్నాడు.

"కేసు చూసే ఆఫీసరుతో చెప్పాను, వాడికి పదిహేడేనని. ఏ తండ్రయినా అట్లాగే అంటాడన్నాడు. సాక్షి వచ్చి మాట మార్చుకోవాలి. లేదా దెబ్బ తిన్న మనిషి చెప్పినా చాలట, ఎముకల పరీక్షకు రాస్తానన్నాడు." ఆగి అన్నాడు. "దావూద్, నీ పేరు మీద రానివ్వను. నేనే నీచేత చెప్పించానని ఒప్పుకుంటాను."

అబద్ధపు సాక్ష్యానికి ఏం చేస్తారో నాకు తెలుసు. జైలు, కొరడా దెబ్బలు, ఇంకెన్నేళ్లకో ఇల్లు. ఆయన ఒప్పుకున్నంత మాత్రాన నన్ను వదలరు. ప్రమాణం చేసింది నా నోరు.

"ఆలోచించుకోనివ్వు బాబా" అన్నాను.

"ఆలోచించుకో" అన్నాడు. లేచి, రాజేశం దిండు సరిచేసి పోయాడు. ఆయన గట్టిగా తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ వారమంతా ఆలోచించాననే చెప్పుకున్నాను. నిజానికి శనివారం ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ కూర్చున్నాను, అంతే.

గురువారం పొద్దున కేసు ఆఫీసరు నుంచి పిలుపు వచ్చింది. రాజేశం వాంగ్మూలం తీసుకోవాలి, అతని భాష తెలిసినవాడు కావాలి. ఆసుపత్రిలో ఇంకో తెలుగువాడు లేడు.

రాజేశం బోర్లా పడుకుని, ముఖం పక్కకు తిప్పి ఉన్నాడు. వారంలో సగం మనిషయ్యాడు. మందుల మత్తుకు మాట ముద్దగా వస్తోంది. ఆఫీసరు కుర్చీ లాక్కుని, ఫైలు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నేను మంచానికి, కుర్చీకి మధ్య నిలబడ్డాను.

"ఏం జరిగిందో చెప్పమను."

అడిగాను. రాజేశం మెల్లగా చెప్పాడు. "పిల్లగాడు కావాలని కొట్టలే. అన్న అచ్చిండన్న సంబురంల పైకి కాల్చిండు. నేను మీదున్న సంగతి వానికి ఎర్కలే. నాకు వాని మీద కోపం లేదు. దించింది గూడ వాడే. గిదంత రాయమను."

అంతా చెప్పాను. ఒక్క మాట పోనివ్వకుండా, మంచి అరబ్బీలో చెప్పాను. ఆఫీసరు రాసుకున్నాడు.

"ఇంకొకటి" అన్నాడు రాజేశం. "బాబా నిన్న అచ్చి ఏడ్చిండు. పెద్దోళ్ల జేల్ల ఏసిండ్రట గద. వానికి పదిహేడేండ్లు. మనం అచ్చినప్పుడు వాడెంతుండెనో నేను చూసిన. అది గట్టిగ చెప్పు భాయ్."

ఆఫీసరు పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. ఒక్క అంకె చెప్పాలి. ఆ అంకె చెబితే ఎముకలు పరీక్షిస్తారు, ఎముకలు నిజం చెబుతాయి, ఆ తర్వాత సాక్షి ఎవరని అడుగుతారు. పాస్‌పోర్టు నా జేబులో ఉంది. అంగీ మీద నుంచి దాని అంచు చేతికి తగులుతోంది.

"కుర్రాడిని క్షమించానంటున్నాడు. మళ్లీ మళ్లీ అదే అంటున్నాడు" అన్నాను.

రాజేశం తోట అరబ్బీ నాలుగు ముక్కలే. కానీ పదేళ్లు చెట్లు లెక్కపెట్టినవాడికి అంకెలు రాకుండా ఉంటాయా. తన అంకె నా నోట రాలేదని తెలిసింది. తల కొంచెం ఎత్తి, తనే ఆఫీసరుతో అన్నాడు. "సబాతాష్. నాయిఫ్, సబాతాష్."

"పదిహేడా?" ఆఫీసరు ముందుకు వంగాడు. "ఏంటి పదిహేడు?"

రాజేశం నన్ను చూశాడు. చెప్పమన్నట్టు చూశాడు. అప్పటికీ నమ్మకంతోనే చూశాడు.

"పదిహేడో చెట్టు" అన్నాను. "నాయిఫ్ కాల్చినప్పుడు ఆ వరసలో పదిహేడో చెట్టు మీద ఉన్నాడట."

ఆఫీసరు తలాడించి రాసుకున్నాడు. చెట్టు అనే మాట అరబ్బీలో రాజేశానికి అందరికంటే బాగా తెలుసు. తల మళ్లీ దిండు మీద పెట్టుకున్నాడు.

కాగితం మీద వేలిముద్ర కావాలి. నేనే అతని బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాను, కాగితం మీద నొక్కాను. ఆఫీసరు ఫైలు మూసి బయటికి పోయాడు.

"సీటు దొరికిందా నీకు?" అన్నాడు రాజేశం, కళ్లు మూసుకునే.

"శనివారం, అన్నా."

"మంచిది. ముత్యవ్వకు నా కాలు ఇరిగిందని రాయి. ఎక్కువ రాయకు, భయపడ్తది." కాసేపాగి అన్నాడు. "పో ఇగ. నీ బిడ్డను సూసుకో."

అతను నన్ను తిట్టి ఉండాల్సింది. ఆ ఆఫీసరును వెనక్కి పిలిచి నన్ను పట్టించి ఉండాల్సింది. ఇంటికొచ్చాక ఎన్నోసార్లు అతనికి ఉత్తరం రాయబోయాను. అర్జీలు రాసే చెయ్యి, ఆ ఒక్కటి రాయలేకపోయింది. నాయిఫ్ అక్కడ ఎన్నేళ్లున్నాడో, ఎట్లా బయటికొచ్చాడో నాకు తెలీదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు. తెలుసుకుంటే మోయాలి కదా. నేను మళ్లీ సౌదీ పోలేదు.

వరండాలో బాబా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి రెండడుగులు ముందుకొచ్చాడు.

"ఏం చెప్పాడు?"

"క్షమించాడు బాబా. పూర్తిగా క్షమించాడు. రాయించాను."

"వయసు?"

"మత్తులో ఉన్నాడు. వయసు సంగతి సరిగ్గా చెప్పలేకపోయాడు."

ఆయన ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "క్షమించాడు, అదే పెద్దది. నువ్వు ఉండబట్టి ఆ మాటైనా కాగితం మీదికి వచ్చింది" అన్నాడు. ఆఫీసరు ఫైలు తన చేతికిచ్చినా ఆ కళ్లతో చదవలేడు. నేను చెప్పిందే ఆయనకు నిజం.

ఇక నువ్వు సాక్ష్యం మార్చుకుంటావా అని ఆయన మళ్లీ అడగలేదు. శనివారం తెల్లారేసరికి ముసాయిద్ బండి తీశాడు, బాబా ముందు సీట్లో కూర్చున్నాడు. నన్ను ఎయిర్‌పోర్టుకు తనే చేర్చాలన్నాడట. నా పెట్టెలో నాకు తెలియకుండా అయేషాకని ఖర్జూరం పెట్టించాడు. దారంతా జపమాల తిప్పుతూ, నేను క్షేమంగా ఇల్లు చేరాలని, నా కూతురు చల్లగా ఉండాలని, నాలాంటి మనిషికి దేవుడు మేలు చేయాలని పైకే దువా చేస్తూ వచ్చాడు. వెనక సీట్లో కూర్చుని ప్రతి మాటకూ నేను ఆమీన్ అంటూ వచ్చాను.